మెరుగు మేస్త్రీ కొలతలు

మా బావకు ఏ వస్తువూ ఉన్నది ఉన్నట్టు నచ్చదు. వంటగది తలుపు కిర్రుమంటోందని సొంత తెలివితో దానికో స్ప్రింగు బిగించాడు. కిర్రు పోయింది, నిజమే. కానీ చేతిలో గిన్నె ఉంటే ఆ తలుపు తెరవడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. ఒకరు పట్టుకోవాలి, ఇంకొకరు దాటాలి. అక్క ఆరేళ్ళుగా దాన్ని నడుముతో తోసుకుంటూ తిరుగుతోంది. ఆయన మాత్రం ఇంటికి ఎవరొచ్చినా ఆ తలుపు దగ్గరికి లాక్కెళ్ళి, రెండుసార్లు తెరిచి మూసి, "చప్పుడొచ్చిందా? చెప్పండి, వచ్చిందా?" అంటాడు. రాలేదనే చెప్తారు పాపం, ఏం చేస్తారు.

షెడ్డులో ఆయన్ని ఎదురుగా మేస్త్రీ అంటాం, వెనకాల మెరుగు మేస్త్రీ అంటాం. మాది పదహారు చేతిమగ్గాల షెడ్డు. రేకుల కప్పు, సున్నం పెచ్చులూడిన గోడలు, తలుపు పక్కన మేనేజరు బల్ల. ఆ పదహారు మగ్గాలనూ బాగుచేసే పని బావది. కిటికీ పక్క మగ్గం అక్కది, దాని పక్కది నాది. అక్క ఆ మగ్గం ఎక్కి ఇరవై రెండేళ్ళు. ఆయన మేస్త్రీ అయ్యీ ఇంచుమించు అంతే. ఈ ఇరవై రెండేళ్ళలో ఆ మహానుభావుడు ఒక్క జానెడు గుడ్డ నేసిన పాపాన పోలేదు. ఎప్పుడైనా అడిగితే, "నేసేవాళ్ళకి నెయ్యడం తెలుస్తుంది, మగ్గం తెలీదు. మగ్గం తెలియాలంటే దూరంగా నిలబడి చూడాలి" అనేవాడు. దూరంగా నిలబడటంలో ఆయన్ని మించినవాడు లేడు, అది ఒప్పుకోవాలి.

చొక్కా జేబులో నోటు పుస్తకం, చెవి మీద పెన్సిలు, నడుముకు కొలత టేపు. ఆ టేపు బయటికి రాని రోజు లేదు. నాడె బరువుగా ఉందని ఓసారి ప్లాస్టిక్ గొట్టం కోసి తేలిక నాడె చేశాడు. నాడె అంటే దారం కండెను కడుపులో పెట్టుకుని పడుగు మధ్య, అంటే నిలువు దారాల మధ్య, అటూ ఇటూ పరుగెత్తే కర్ర. దానికి ఆ మాత్రం బరువు లేకపోతే దారి తప్పుతుంది. ఈ ముక్క మా షెడ్డులో ఎవర్నడిగినా చెప్పేవాళ్ళు. ఆయన అడిగితే కదా! మొదటి దెబ్బకే అది పడుగు దాటి, గాల్లోకి లేచి, వెళ్ళి మేనేజరు టీ గ్లాసును పగలగొట్టింది. మేనేజరు చొక్కా మీద టీ తుడుచుకుంటుంటే మా బావ అన్న మాట: "వేగం చూశారా సార్?"

తర్వాత పడుగు చుట్టిన దోనెకు దానంతట అదే వదిలే బ్రేకు పెట్టాడు. అది నా మగ్గానికే పెట్టాడు, మరదలినన్న ప్రేమ కొద్దీ. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి కూర్చున్నానో లేదో, రెండు మూరల పడుగు జారి నా ఒళ్ళో కుప్పపడింది. వెయ్యి పైచిలుకు దారాలు. చిక్కు తియ్యడానికి మూడు రోజులు పట్టింది.

"బావా, నీకో దండం. నా మగ్గం జోలికి మాత్రం రాకు" అని షెడ్డంతా వినబడేలా అరిచాను. నాకు పదేళ్ళప్పుడు అక్కకు పెళ్ళయింది, అప్పట్నుంచీ ఆయన్ని నువ్వు అనే అంటాను.

"మెరుగు పడాలంటే కాస్త ఓర్పుండాలి మరదలు పిల్లా" అన్నాడు, ఏదో రాసుకుంటూ.

అన్యాయంగా మాట్లాడకూడదు గనక ఒకటి చెప్తాను. పేకను దగ్గరికి కొట్టే అచ్చు ఉంటుంది కదా, దాన్ని బిగించే మరలకు చేత్తో తిప్పే రెక్కలు పెట్టాడు. అది బాగుంది. ఇప్పటికీ వాడుతున్నాం. ఇరవై రెండేళ్ళ మేధస్సుకు ఒక జత రెక్కలు.

ఇక అసలు సంగతి. నేసే మనిషి కుడిచేతిలో తాడు పిడి ఉంటుంది. మగ్గం పైబద్ద నుంచి వేలాడుతుంది. కిందికి గుంజితే నాడె అవతలికి పోతుంది, మళ్ళీ గుంజితే ఇవతలికి వస్తుంది. గుంజడం కష్టం కాదు. గుంజిన చేతిని మళ్ళీ పైకెత్తాలి చూడండి, నిమిషానికి నలభై యాభైసార్లు, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా, అదీ భుజాన్ని తినేసేది. అక్కకు ఆ నొప్పి మొదలై మూడేళ్ళు. రెండేళ్ళ కిందట ఎవర్నీ అడక్కుండా ఓ పాత సైకిలు ట్యూబును రెండు వేళ్ళ వెడల్పున కోసి, పైబద్దకూ పిడికీ మధ్య కట్టుకుంది. చెయ్యి కిందికి గుంజుతుంది, రబ్బరు దాన్ని పైకి లాక్కెళ్తుంది. అంతే. వారం తిరక్కుండా పక్క మగ్గాలవాళ్ళు చూసి కట్టుకున్నారు. నేనూ కట్టుకున్నాను. నెల తిరిగేసరికి పదహారు మగ్గాలకూ ట్యూబు ముక్కలు వేలాడాయి.

మా మేస్త్రీగారికి అవి కంట్లో నలుసులు. "మగ్గమా, పాత సామాన్ల కొట్టా ఇది? ఎవరు కట్టమన్నారు ఈ పేలికలు?" అంటూ నెలకోసారి, మొదటి శనివారం మగ్గాలు చూడటానికి వచ్చినప్పుడు కత్తెర పెట్టి కోసి పారేసేవాడు. ఎందుకు కట్టుకున్నారని అడగాలన్న ఊహ ఆయన బుర్రలోకి రాలేదు. మేమూ చెప్పలేదు. చెప్పి ఆయన ఉపన్యాసం వినే ఓపిక ఎవరికుంది? మొదటి శనివారం ఆయన తలుపు దగ్గర దగ్గితే చాలు, ట్యూబులన్నీ విప్పి కండెల బుట్టల్లో దాచేసేవాళ్ళం. ఆయన "ఊఁ, ఇప్పుడు మగ్గాల్లా ఉన్నాయి" అని మెచ్చుకుని వెళ్ళాక మళ్ళీ కట్టుకునేవాళ్ళం. మిగతా రోజుల్లో ఆయన వెనక గదిలో ఏదో ఒకటి చెక్కుకుంటూ ఉండేవాడు, లోపలికొచ్చినా పిలిచిన మగ్గం తప్ప పక్క మగ్గం వైపు తలెత్తి చూసేవాడు కాదు. షెడ్డులో ఇదో పద్ధతి అయిపోయింది. అక్క ఒక్కతే దాచేది కాదు.

"నా మొగుడికి జడిసి రబ్బరు ముక్క దాచుకోవాలా? చాల్లే ఊరుకో" అనేది.

ఆయన శనివారం కోసేవాడు. అక్క సోమవారం ఇంకోటి కట్టేది. మిగతా పదిహేను మగ్గాలూ చెప్పిన మాట వింటున్నాయని, ఒక్క తన పెళ్ళామే మొండిదని ఆయన నమ్మకం.

ఆ మధ్య నొప్పి ఎక్కువైతే అక్కను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. బావ కూడా వచ్చాడు. డాక్టరు భుజాన్ని నాలుగువైపులా తిప్పి చూసి, "లోపలి కండ బాగా అరిగింది. ఇప్పుడున్నట్టు జాగ్రత్తగా నెట్టుకొస్తే ఇంకా కొన్నేళ్ళు నెయ్యొచ్చు. భారం పెరిగిందో, తెగుతుంది. తెగితే చెయ్యి మళ్ళీ పైకి లేవదు" అంది. ఆ మాటకు అక్క ముఖం పాలిపోయింది. మా షెడ్డులో నెల రోజులు ఖాళీగా ఉన్న మగ్గాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తారు. పిల్లల్లేని మనిషి, దానికి ఆ కిటికీ, ఆ మగ్గం తప్ప వేరే లోకం లేదు. దారిలో నా చెయ్యి పట్టుకుని, "మగ్గం దిగిపోతే నేనేం చెయ్యనే? ఇంట్లో కూర్చుని గోడలు చూడనా?" అంది. నాకు ఏడుపొచ్చింది.

బావ మాత్రం మధ్యదారిలో ఆగిపోయాడు. "నువ్వు అసలు చెయ్యెత్తక్కర్లేకుండా చేస్తాను చూడు" అన్నాడు. ఆ గొంతు వింటే నాకే ఒక్క క్షణం జాలేసింది. ఆ మనిషికి అక్కంటే ప్రేమ లేదని నేననను. ప్రేమ ఉంది, చెవులే లేవు.

ఆయన ఊహ ఏమిటంటే, కాలితో చెక్క తొక్కగానే రెండు పక్కలా ఉన్న నాడె పెట్టెల్లో స్ప్రింగులు విడివడి నాడెను కొట్టాలి. కుడిచేతికి పనే ఉండకూడదు. సరిగ్గా అప్పుడే, పనిముట్లలో మెరుగులకు పోటీ పెట్టే ఆఫీసువాళ్ళు పదిరోజుల్లో మా షెడ్డు చూడటానికి వస్తున్నారని మేనేజరు చెప్పాడు. ఇంకేముంది, ఆయన కళ్ళు నెత్తికెక్కాయి. ఆదివారం షెడ్డు మూసి ఉన్నప్పుడు అక్కను వెంటబెట్టుకుని వెళ్ళి, ట్యూబు కోసి పారేసి, పైబద్ద ఊడదీసి, దాని స్థానంలో లావుపాటి ఇనుప గొట్టం బిగించాడు. నాడె పెట్టెల్లో స్ప్రింగులు పెట్టాడు. ఆ స్ప్రింగులను కాలిచెక్కకు కలిపే కొక్కెం మాత్రం లేతు మిషను దుకాణంలో ఇంకా తయారవుతోంది.

సోమవారం అక్క మగ్గమెక్కి పిడి గుంజింది. ఒకసారి గుంజి నా వైపు చూసింది. స్ప్రింగుల ఎదురు బలానికి పిడి రెండింతలు బరువెక్కింది. పైనుంచి లాగే రబ్బరు లేదు, కట్టుకుందామంటే ఆ నున్నటి గొట్టానికి పట్టు లేదు.

"రేపు కొక్కెం వచ్చేస్తుంది, అదొస్తే పిడే అక్కర్లేదు" అన్నాడు బావ. "అప్పటిదాకా ఎలాగో నెట్టుకురా. నేత ఆపితే స్ప్రింగులు పదునెక్కవు. ఇంకోమాట, ఆ పేలికలేవీ కట్టకు, నా కొలతలన్నీ మారిపోతాయి."

రేపు రాలేదు. ఎల్లుండీ రాలేదు. లేతువాడికి గీసిచ్చిన బొమ్మలో ఈయనే రెండుసార్లు మార్పులు చేశాడు మరి, మెరుగు! అక్క రోజూ సాయంత్రం కుడిచేతిని ఎడంచేత్తో మోసుకుంటూ మగ్గం దిగేది.

"నా ట్యూబిస్తా, ఎలాగోలా కట్టెయ్ అక్కా" అన్నాను నాలుగో రోజు.

"వద్దులే. ఇన్నేళ్ళలో నాకోసమని చేస్తున్నది ఇదొక్కటే. చెడగొట్టడం దేనికి?"

అప్పుడు నేను వెళ్ళి ఆయన చొక్కా పట్టుకుని చెప్పొచ్చు. బావా, ఆ రబ్బరు పేలిక కాదు, అక్క భుజం, అని చెప్పొచ్చు. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో కూడా చెప్తాను, దాచడం దేనికి. ఆ పోటీవాళ్ళ ముందు ఈయన యంత్రం బోర్లా పడితే కడుపారా నవ్వుకుందామని కాచుక్కూర్చున్నాను. తొమ్మిది రోజులు కాచుక్కూర్చున్నాను.

పదో రోజు పొద్దున కొక్కెం వచ్చింది. పదకొండింటికి పోటీవాళ్ళు ముగ్గురొచ్చారు. ఇస్త్రీ బట్టలు, మెడలో కార్డులు, ఒకాయన చేతిలో కెమెరా. మగ్గాలన్నీ ఆపించారు. అక్క ఎక్కి కూర్చుని కాలిచెక్క తొక్కింది. నాడె గీత గీసినట్టు అవతలికి పోయింది. మళ్ళీ తొక్కింది, ఇవతలికి వచ్చింది. ఛ, పనిచేసింది! నేను నవ్వడానికి తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. చప్పట్లు కొట్టారు. బావ ముఖం చూడాలి, పెళ్ళినాడు కూడా అంత వెలిగి ఉండదు.

అంతలో కండె అయిపోయింది. కొత్తది అందుకోవడానికి అక్క కుడిచెయ్యి చాచబోయింది. చెయ్యి రాలేదు. ఒళ్ళోనే ఉండిపోయింది. అక్క దాని వైపు, అది ఎవరి చెయ్యో అన్నట్టు చూసింది. మళ్ళీ ప్రయత్నించింది. భుజం కాస్త కదిలింది, చెయ్యి లేవలేదు. నిన్న మొన్నటి దాకా నొప్పి అన్న మనిషి ఆ రోజు నొప్పి అని కూడా అనలేదు. ఎడంచేత్తో కండె అందుకుని, కిందికి వంగి, మోకాళ్ళ మధ్య నాడె పట్టుకుని అందులో కండె పెట్టింది.

ఆ పక్కనే నిలబడి మా బావ కెమెరా ఆయనతో గర్వంగా చెప్తున్నాడు: "ఈ మగ్గానికి ఇక కుడిచేతితో పనే లేదు సార్."

వాళ్ళు ఆయనకో ప్రశంసాపత్రం ఇచ్చి, స్ప్రింగులూ కొక్కెమూ విప్పించి ప్రదర్శనలో పెడతామని పట్టుకుపోయారు. ఆయన మురిసిపోతూ దగ్గరుండి మూట కట్టించాడు. అక్కను నేను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. తెగిపోయిందని చెప్పింది డాక్టరు. "వారం పదిరోజులుగా ఏదైనా బరువు లాగారా?" అని అడిగింది.

ఆ సంగతి తెలిశాక బావ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు, వాళ్ళు పట్టుకుపోయినలాంటిదే ఇంకో జత చేస్తానని బయల్దేరాడు. ఒళ్ళు మండిపోయింది నాకు. "నాడె కాలితో పోతుంది సరే, తెగిన దారం కూడా కాలితో ముడెయ్యమంటావా? దానికి రెండు చేతులూ పైకి లేవాలి బావా. రోజుకు ఎన్ని దారాలు తెగుతాయో ఇన్నేళ్ళలో ఒక్కసారైనా లెక్కపెట్టావా?" అన్నాను. ఆయన జేబులోంచి నోటు పుస్తకం తీశాడు. తీసి, ఏం రాయాలో తెలియక మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

నెల గడువు ముగిసే ముందు రోజు మేనేజరు కబురు పెట్టాడు. ఇంట్లోవాళ్ళెవరైనా ఎక్కితే మగ్గం ఇంటిపేరు మీదే ఉంటుందని, లేకపోతే వేరేవాళ్ళకిస్తామని. నాకున్నవి రెండే చేతులు, వాటికి నా మగ్గమే ఉంది. మర్నాడు పొద్దున షెడ్డులోకి వెళ్ళేసరికి కిటికీ పక్క మగ్గం మీద మా బావ కూర్చుని ఉన్నాడు. పైన పాత బద్ద మళ్ళీ బిగించుకున్నాడు. పక్కన ముక్కాలి పీట మీద అక్క.

అబ్బో, ఆ వైభోగం ఏం చెప్పమంటారు! ఇరవై రెండేళ్ళు మాకు మగ్గం గురించి పాఠాలు చెప్పిన మనిషి నాడెను మూడుసార్లు కింద పడేశాడు. ఎడమ కాలితో తొక్కమంటే కుడికాలితో తొక్కాడు. ఆయన నేసిన గుడ్డ అంచు ఎలుకలు కొరికినట్టుంది. సాయంత్రానికి నాలుగు వేళ్ళ గుడ్డ నేస్తే అక్క చూసి, "విప్పెయ్యండి" అంది. విప్పేశాడు. షెడ్డంతా మూతులు మూసుకుని నవ్వింది. అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను. ఎన్నాళ్ళ కోరిక!

ఎనిమిదో రోజుకు ఆయన నవ్వడం, మాట్లాడటం మానేశాడు. మాటిమాటికీ పిడి వదిలేసి భుజం పట్టుకునేవాడు. ఆ రోజు మొదటి శనివారం. మగ్గాలు చూసే మేస్త్రీ తనే మగ్గమెక్కి కూర్చున్నాడు గనక ఎవరూ ట్యూబులు దాచలేదు. ఓసారి భుజం పిసుక్కుంటూ తలెత్తి షెడ్డంతా కలయజూశాడు. ఎవరి చేతులూ ఆయన చెయ్యిలా బరువుగా లేవడం లేదు. అప్పుడు కనబడ్డాయి ఆయనకు, పదిహేను మగ్గాల మీద పదిహేను ట్యూబు ముక్కలు. లేచి నా మగ్గం దగ్గరికి వచ్చి, నా పిడి పట్టుకుని కిందికి గుంజి వదిలాడు. చెయ్యి దానంతట అదే పైకి పోయింది. ఇంకోసారి గుంజాడు.

"ఇది... ఎవరు చేశారిది?"

"నీ పెళ్ళాం" అన్నాను. "రెండేళ్ళయింది. నువ్వు నెలనెలా కోసి పారేస్తున్నావే, అదే ఇది."

ఆయన నా పిడి వదిలేశాడు. తర్వాత మెల్లగా వెళ్ళి అక్క పీట ముందు నేల మీద కూర్చున్నాడు. పక్క మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. నవ్వుదామనుకున్నాను గానీ, తొమ్మిది రోజులు నోరు మూసుకున్నదాన్ని, ఏ ముఖం పెట్టుకుని నవ్వను?

"నాకు ఒక్క మాట చెప్పొచ్చుగా?" అన్నాడు. "ఒక్కసారి చెప్పి ఉంటే..."

"పైబద్ద ఊడదీసిన ఆ ఆదివారం రెండుసార్లు చెప్పాను" అంది అక్క. కోపంగా కాదు, మామూలుగానే అంది. "మొదటిసారి ఈ రబ్బరు సంగతి చెప్తుంటే, టేపు కొస పట్టుకుని పైకెత్తమన్నారు. ఎత్తాను. రెండోసారి, చెయ్యి లాగుతోందండీ, ఎత్తలేకపోతున్నాను అన్నాను. కొలత తప్పుతోంది, ఎడంచేత్తో పట్టుకో అన్నారు."